జీడిపిక్కల లెక్క తెలిసాకే డబ్బు పెట్టండి: ఒడిశా సరిహద్దులో సామాజిక సంస్థల్లో పెట్టుబడికి మార్గదర్శి

మార్చి వచ్చేసరికి గజపతి జిల్లా గుమ్మా కొండల మీద జీడిపిక్కలు రాలడం మొదలవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆ పిక్కలు బస్తాలకెక్కి, పర్లాకిమిడి మీదుగా సరిహద్దు దాటి పలాస చేరతాయి. పిక్క ఒడిశా కొండల్లో పండుతుంది, పప్పు శ్రీకాకుళం జిల్లాలో తయారవుతుంది. పిక్కలు ఏరిన సవర మహిళకి ఆ పిక్క డబ్బులే దక్కుతాయి. ఉడకబెట్టడం, కొట్టడం, పొట్టు తీయడం, గ్రేడు చేయడం, వీటి మీద వచ్చే కూలీ, లాభం రెండూ కొండ దిగి వెళ్లిపోతాయి.

ఆ డబ్బులో కొంతైనా కొండ మీదే ఉంచాలని మా వైపు చిన్న చిన్న సంస్థలు పుడుతున్నాయి. మహిళా సంఘాలు నడిపే కటింగ్ షెడ్లు, రైతులు కలిసి పెట్టుకున్న కంపెనీలు, చింతపండు, కొండచీపుర్లు, చోళ్లు కొని అమ్మే చిన్న వ్యాపారాలు. వీటికి డబ్బు కావాలి. నేను పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీలో పన్నెండేళ్లు లెక్కలు రాశాను. ఇప్పుడు పర్లాకిమిడిలో ఉంటూ ఇలాంటి సంఘాల పుస్తకాలు సరిచేసి పెడుతుంటాను. బరంపురంలోనో విశాఖలోనో ఉద్యోగం చేసుకుంటున్న మనవాళ్లు ఫోన్ చేసి, "ఊరికి ఏదైనా చేయాలనుంది, దానంగా కాకుండా పెట్టుబడిగా పెడితే ఎలా ఉంటుంది?" అని అడుగుతుంటారు. ఒక్కొక్కరికీ విడిగా చెబుతూ వచ్చింది ఇక్కడ వరసగా రాస్తున్నాను.

మొదటి అడుగు: ఇస్తున్నది దానమా, అప్పా, వాటానా తేల్చుకోండి

ఇంపాక్ట్ ఇన్వెస్టింగ్ అనే మాట 2007లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ పిలిచిన ఒక సమావేశంలో పుట్టింది. దాని అర్థం కష్టమైనదేమీ కాదు. పెట్టిన డబ్బు తిరిగి రావాలి, దానితోపాటు ఎవరి బతుకులోనో ఫలానా మార్పు రావాలి. ఆ మార్పు ఏమిటో ముందే చెప్పుకోవాలి, తర్వాత కొలిచి చూసుకోవాలి. ఈ మూడింట్లో ఏది లేకపోయినా అది మామూలు వ్యాపారమో మామూలు దానమో అవుతుంది. రెండూ మంచివే, కానీ లెక్క వేరు.

పిల్ల పెళ్లికో ఇంటి స్లాబుకో దాచిన డబ్బు దీనికి వద్దు. ఐదేళ్లు ముట్టుకోకపోయినా ఇల్లు గడిచే డబ్బు ఎంత ఉందో ముందు చూసుకోండి. అది యాభై వేలే అయితే యాభై వేలే.

రెండో అడుగు: సంస్థ ఏ చట్టం కింద ఉందో అడగండి

షెడ్డు బాగుంది, ఆడవాళ్లు కష్టపడుతున్నారు, నిర్వాహకుడు నిజాయితీగా మాట్లాడుతున్నాడు. అంతా బాగుందని చెక్కు రాసేస్తారు. కానీ ఆ సంస్థ మీ డబ్బు తీసుకోవచ్చో లేదో చట్టం చెబుతుంది, నిర్వాహకుడు కాదు.

రైతు ఉత్పత్తిదారుల కంపెనీ, అంటే అందరూ ఎఫ్‌పీఓ అనేది, 2002 నాటి కంపెనీల చట్ట సవరణతో వచ్చిన రూపం. పది మంది రైతులు కలిస్తే పెట్టుకోవచ్చు. ఎన్ని వాటాలున్నా మనిషికి ఒకటే ఓటు. ఇందులో వాటా కొనాలంటే మీరూ ఉత్పత్తిదారు అయి ఉండాలి. బయటి పెట్టుబడిదారుకి వాటా అమ్మడం కుదరదు. మొదటిసారి విన్నవాళ్లకి ఇది నిరాశగా ఉంటుంది కానీ, నాకు మాత్రం ఇదే ఆ చట్టంలోని గొప్పదనం. లేకపోతే రైతుల కంపెనీని ఏ సావుకారో ఐదేళ్లలో కొనేసేవాడు. వీళ్లకి మూలధనం సభ్యుల నుంచీ ప్రభుత్వం నుంచీ రావాలి. 2020 ఫిబ్రవరిలో కేంద్రం మొదలుపెట్టిన 10,000 ఎఫ్‌పీఓల పథకంలో సభ్యుడు పెట్టిన వాటాకి సమానంగా తలకి రూ. 2,000 వరకు, సంస్థ మొత్తానికి రూ. 15 లక్షల వరకు గ్రాంటు ఉంది. అప్పులకి నాబార్డు అనుబంధ సంస్థ నాబ్‌కిసాన్, సమున్నతి లాంటి ఫైనాన్స్ కంపెనీలు ఉన్నాయి.

సెక్షన్ 8 కంపెనీ, అంటే లాభాపేక్ష లేకుండా పెట్టినది అయితే లాభం పంచకూడదు. డివిడెండు ఆశ పెట్టుకోవద్దు. మామూలు ప్రైవేట్ లిమిటెడ్ అయితే వాటా కొనవచ్చు, కానీ ఆ కంపెనీ నిజంగా రైతులకి ఏం చేస్తుందో చట్టం కాపాడదు, మీరు రాసుకునే ఒప్పందమే కాపాడాలి. మహిళా సంఘమే నేరుగా నడుపుతుంటే దానికి బ్యాంకు లింకేజీ, అంటే బ్యాంకు సంఘానికి నేరుగా ఇచ్చే అప్పు, ఒడిశాలో 2001 నుంచి ఉన్న మహిళా సంఘాల ప్రభుత్వ కార్యక్రమం మిషన్ శక్తి మొదటి దారి. మీ డబ్బు ఆ తర్వాత.

భూమి సంగతి కూడా ఇక్కడే. గజపతి జిల్లాలో ఆర్. ఉదయగిరి తహసీలు, గుమ్మా, రాయగడ బ్లాకులు షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే గిరిజనుల రక్షణకి రాజ్యాంగం కింద ప్రకటించిన ప్రాంతం. ఇక్కడ రాయగడ అంటే మన గజపతి జిల్లాలోని బ్లాకు. పక్కనున్న రాయగడ జిల్లా వేరు, అదీ షెడ్యూల్డ్ ప్రాంతమే. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1956 నాటి రెగ్యులేషన్ 2 అడ్డుగా ఉంది, ఉండాలి కూడా. కాబట్టి "డబ్బు తిరిగి రాకపోతే షెడ్డు స్థలం రాసిస్తాం" అని ఎవరైనా అంటే ఆ మాట చెల్లదు. అలా అన్న నిర్వాహకుడి మీద నమ్మకం కూడా తగ్గించుకోండి.

మూడో అడుగు: డబ్బు వెళ్లే దారి సరైనదేనా?

ఒక ప్రైవేట్ కంపెనీకి మీరు బయటి మనిషిగా, డైరెక్టరూ వాటాదారూ కాకుండా, చేతిఅప్పు ఇస్తే చట్టం దృష్టిలో అది డిపాజిట్. కంపెనీ అలా తీసుకోకూడదు. 2019లో వచ్చిన అనుమతి లేని డిపాజిట్ల నిషేధ చట్టం తర్వాత ఇది ఇంకా గట్టిపడింది. చిట్‌ఫండ్ పేరుతో పెట్టిన కంపెనీల చేతిలో ఒడిశాలో ఎన్ని కుటుంబాలు ఆరిపోయాయో 2013లో చూశాం. మంచి ఉద్దేశంతో తీసుకున్నా దారి ఒకటే అయితే, అనుమానం ఒకటే.

వాటా కొనేట్లయితే కంపెనీల చట్టం సెక్షన్ 42 కింద ప్రైవేట్ ప్లేస్‌మెంట్, అంటే ఎంచుకున్న కొద్దిమందికే వాటాలు అమ్మడం, దారి. ఏడాదిలో రెండు వందల మందికి మించి అడగకూడదు, డబ్బు బ్యాంకు ద్వారానే వెళ్లాలి, నగదు కాదు. డబ్బు అందిన 60 రోజుల్లో వాటాలు కేటాయించాలి. లేకపోతే మరో 15 రోజుల్లో వెనక్కివ్వాలి, అదీ దాటితే 12 శాతం వడ్డీ కట్టాలి. ఆఫర్ లెటర్ లేకుండా, "ముందు పంపండి, కాగితాలు తర్వాత చూసుకుందాం" అంటే పంపకండి.

అప్పుగానే ఇవ్వాలనుకునే చిన్న పెట్టుబడిదారుకి రిజర్వు బ్యాంకు లైసెన్సున్న పీ టు పీ వేదికలు, అంటే ఒకరి డబ్బు నేరుగా మరొకరికి అప్పుగా ఇప్పించే ఆన్‌లైన్ వేదికలు, ఒక దారి. ఒక్క రుణగ్రహీతకి ఒకరు రూ. 50,000 మించి ఇవ్వలేరు. ఖచ్చితమైన రాబడి అని ఏ వేదికా హామీ ఇవ్వకూడదు.

సోషల్ స్టాక్ ఎక్స్ఛేంజి, అంటే సామాజిక సంస్థలు నిధులు సేకరించుకునే స్టాక్ ఎక్స్ఛేంజి విభాగం గురించి చాలామంది అడుగుతున్నారు. 2019 బడ్జెట్‌లో ప్రకటించారు, 2022లో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధనలు వచ్చాయి. అక్కడ లాభాపేక్ష లేని సంస్థలు అమ్మే జీరో కూపన్ జీరో ప్రిన్సిపల్ పత్రంలో వడ్డీ రాదు, అసలూ రాదు. అంటే అది లెక్క చూపించే దానం. మొదట కనీసం రూ. 2 లక్షలు పెట్టాల్సి ఉండేది, 2023లో రూ. 10,000కి, 2025లో రూ. 1,000కి తగ్గించారు. దానంగా మంచిదే, పెట్టుబడి అనుకుని వెళ్లొద్దు. సెబీ దగ్గర నమోదైన ఇంపాక్ట్ ఫండ్లలో మామూలుగా కనీసం కోటి రూపాయలు కావాలి కాబట్టి మనలాంటి వాళ్లకి ఆ సంగతి అక్కర్లేదు.

నాలుగో అడుగు: ఒక క్వింటా లెక్క మీ చేత్తో వేయండి

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

2018 తిత్లీ తుఫాను తర్వాతి ఏడాది మేము ముగ్గురం స్నేహితులం కలిసి ఒక సంఘానికి కటింగ్ మిషన్లు కొనిచ్చాం. కాలితో తొక్కే మిషన్లు. శిక్షణ కూడా ఇప్పించాం. జూన్‌లో వెళ్లి చూస్తే మిషన్ల మీద గోనెసంచులు కప్పి ఉన్నాయి. పిక్కలు కొనాల్సిన ఏప్రిల్‌లో వాళ్ల దగ్గర డబ్బు లేదు. మేలో డబ్బు చేతికొచ్చేసరికి పిక్కలు పలాస గోడౌన్లలో ఉన్నాయి. మిషన్‌కి డబ్బిచ్చేవాళ్లు చాలామంది దొరుకుతారు. ఫోటో వస్తుంది, శిలాఫలకం వస్తుంది. చిన్న ఆహారశుద్ధి యూనిట్ల కోసం కేంద్రం తెచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలోనే ఖర్చులో 35 శాతం, రూ. 10 లక్షల వరకు సబ్సిడీ పెట్టారు. పిక్కలు కొనడానికి ఇచ్చేవాళ్లే దొరకరు. జీడి వ్యాపారమంతా రెండు నెలల్లో కొని ఏడాదంతా అమ్ముకోవడం. ఆ మధ్యకాలం డబ్బు సరుకులో ఇరుక్కుని ఉంటుంది.

అందుకే ఈ లెక్క. ధరలు ఏటా మారతాయి, కాబట్టి అంకెలు ఉదాహరణకే, పద్ధతి చూడండి.

వంద కిలోల పిక్కలు కిలో 110 చొప్పున కొన్నారనుకుందాం. 11,000 అయింది. పప్పు 22 కిలోలు దిగిందనుకుందాం. గుండు, బద్ద, ముక్క అన్నీ కలిపి సగటున కిలో 650కి అమ్మితే 14,300. తేడా 3,300. కూలీ, కట్టెలు, కరెంటు, రవాణా, ప్యాకింగ్ కలిపి 2,500 తీసేస్తే 800 మిగిలింది. ఇంతవరకు అందరూ చూపిస్తారు.

ఇప్పుడు వడ్డీ. పిక్కలు కొన్న 11,000 సగటున ఆరు నెలలు సరుకులో ఉందనుకోండి. రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఉంటే, అంటే నెలకి నూటికి రెండు, ఆరు నెలలకి 1,320. మిగిలిన 800 పోయి, పైన 520 నష్టం. అదే రూపాయి వడ్డీకి దొరికితే 660. అప్పుడు 140 మిగులుతుంది. రూపాయి వడ్డీతోపాటు సరుకు మూడు నెలల్లో అమ్ముడైతే వడ్డీ 330, మిగులు 470.

అదే పిక్క, అవే చేతులు, అదే కష్టం. వడ్డీ ఒక్క రూపాయి తగ్గినందుకు నష్టం లాభమైంది, సరుకు తొందరగా కదిలినందుకు లాభం మూడింతలు దాటింది. మీ డబ్బు చేయగలిగిన అసలు మేలు ఇక్కడ ఉంది. రెండు రూపాయల వడ్డీ చోట రూపాయి వడ్డీ డబ్బు, ఏప్రిల్ మొదటివారంలో చేతికి అందితే చాలు. దీన్ని చూశాక మీరు ఇరవై శాతం రాబడి అడగడానికి మనసొప్పదు.

ఈ లెక్కలో తప్పక కలపాల్సింది ఇంకొకటుంది. రైతు దగ్గర పచ్చి పిక్కలు కొన్న నమోదిత సంస్థ రివర్స్ ఛార్జి కింద, అంటే అమ్మినవాళ్ల బదులు కొన్నవాళ్లే పన్ను కట్టే పద్ధతిలో, 5 శాతం జీఎస్టీ తానే నగదుగా కట్టాలి. తర్వాత క్రెడిట్ వస్తుంది, కానీ కొనుగోలు మంచి ఊపులో ఉన్నప్పుడే ఆ నగదు చేతిలోంచి పోతుంది. పది లక్షల పిక్కలకి యాభై వేలు. కొత్త సంస్థలు దీన్ని మరిచిపోయి మే నెలలో టెన్షన్ పడుతుంటాయి. నిర్వాహకుణ్ణి ఈ ఒక్క ప్రశ్న అడిగి చూడండి. జవాబు తడుముకోకుండా వస్తే లెక్కలు తెలిసిన మనిషన్నమాట.

ఐదో అడుగు: మూడుసార్లు వెళ్లండి, ఒకసారి నిర్వాహకుడు లేకుండా

జనవరి, ఫిబ్రవరిలో పూత సమయంలో ఒకసారి. ఏప్రిల్‌లో కాటా దగ్గర ఒకసారి. సెప్టెంబరులో, సరుకు ఎంత మిగిలిందో చూడటానికి ఒకసారి.

పర్లాకిమిడిలో పంతులుగా పనిచేస్తూ గిడుగు వెంకట రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఆయన ఆ భాష నేర్చుకుని నూరేళ్ల పైమాటే. మనం ఇప్పటికీ సవర ఊళ్లలో తెలుగులోనో ఒడియాలోనో మీటింగు పెట్టి, తలలూపితే ఒప్పుకున్నారని రాసుకుంటున్నాం. దుబాసీని వెంట తీసుకెళ్లండి. సంఘం నిర్వాహకుడి బంధువు కాని మనిషిని.

ఒక షెడ్డులో నాకు జరిగింది చెబుతాను. ఒక పెద్దావిడ కటింగ్ మిషన్ ముందు కూర్చుని ఉంది. ఉడికించి ఆరబెట్టిన పిక్కని బ్లేడు మధ్య పెట్టి, కాలితో తొక్కి, సూదితో పప్పు బయటికి తీస్తోంది. జీడి చమురు అంటకుండా చేతులకి ఆముదం రాసుకుంది. అయినా బొటనవేలి దగ్గర చర్మం నల్లగా చిట్లి ఉంది. పప్పు విరగకుండా గుండుగా రావాలి. విరిగితే ధర పడిపోతుంది. నేను కూర్చున్న పది నిమిషాల్లో ఒక్కటి కూడా విరగలేదు.

"అమ్మా, పోయినేడు మీ చెట్ల పిక్కలు కిలో ఎంతకి ఇచ్చారు?" అన్నాను.

"సావుకారికే తెలుసు బాబూ. పండక్కి డబ్బులు తెచ్చుకున్నాం కదా, పిక్కలు పోసేశాం."

ఆవిడ అదే షెడ్డులో వాటాదారు. సొంత కంపెనీ ఉండి కూడా తన పిక్కలు బయట పోసింది, ఎందుకంటే జనవరిలో ఇంట్లో డబ్బు కావలసి వచ్చినప్పుడు కంపెనీ తలుపు మూసి ఉంది, సావుకారు తలుపు తెరిచి ఉంది. పూత మీద ఇచ్చే ఆ అడ్వాన్సే మొత్తం ధరని నిర్ణయిస్తోంది. ఆ సంస్థ ప్రాజెక్టు రిపోర్టు నలభై పేజీలుంది. అందులో ఈ మాట లేదు. ఆ తర్వాత నేను ఏ సంస్థ పుస్తకాలు చూసినా, సభ్యుల పిక్కల్లో ఎంత వంతు సంస్థకే వచ్చిందన్నది మొదట చూస్తాను.

చింతపండు, కొండచీపుర్లు లాంటి అటవీ సరుకులు కొనే సంస్థ అయితే పంచాయతీ దగ్గర వ్యాపారిగా నమోదైందో లేదో కూడా చూడండి. 2002 నాటి ఒడిశా నిబంధనల ప్రకారం అది తప్పనిసరి.

ఆరో అడుగు: ఒప్పందం పంటకి తగ్గట్టు రాయండి

నెలనెలా వాయిదా వద్దు. సరుకు అమ్ముడయ్యేది దసరా, దీపావళి ముందు, తర్వాత పెళ్లిళ్ల సీజన్‌లో. వాయిదాలు అప్పుడే పెట్టాలి.

తుఫాను మాట ఒప్పందంలో ఉండాలి. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, ఉద్దానంలోనూ గజపతిలోనూ జీడిచెట్లని వేళ్లతో సహా పెకలించింది. కొత్త అంటు నాటితే కాపు మొదలవడానికి మూడేళ్లు, చేతినిండా పంట రావడానికి ఇంకా ఎక్కువ. అలాంటి ఏడు అసలు వాయిదా ఆగుతుందని, వడ్డీ మీద వడ్డీ పడదని ముందే రాయండి. ఇది జాలి కాదు. రాయకపోతే వాళ్లు మీ వాయిదా కట్టడానికి మళ్లీ రెండు రూపాయల వడ్డీకి వెళతారు.

వాటా కొంటే బయటికి వచ్చే దారి మొదటి రోజే రాసుకోవాలి. మీ వాటా కొనేవాళ్లు బజారులో ఉండరు. ఫలానా ఏడాది నుంచి, లాభంలో ఫలానా వంతుతో సంస్థే వాటాలు తిరిగి కొనాలి, లేదా రైతు సభ్యులకే మొదటి హక్కు ఉండాలి. పెద్ద వ్యాపారికి అమ్మి బయటపడతామంటే ఇన్నాళ్లు చేసిందంతా ఎవరికోసం?

కాగితాల మాట కొద్దిగా. పట్టాలు ఒడియాలో ఉంటాయి, ఒప్పందం ఇంగ్లీషులో, సంఘం పుస్తకం చాలాచోట్ల తెలుగులో. ఒప్పందంలోని ముఖ్యమైన షరతులు ఒక పేజీలో ఒడియా, తెలుగు రెండింటిలో రాయించి, సభలో సవరలో చదివించండి. సంతకం ఆ తర్వాత. ఖర్చు ఒక పూట భోజనాలు.

ఏడో అడుగు: ఏం మారిందో కొలవండి, తక్కువ అంకెలతో

2010 ఆగస్టులో ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ షేర్లు స్టాక్ మార్కెట్‌లోకి వచ్చినప్పుడు, పేదలకి మేలు, మదుపరికి లాభం రెండూ సాధ్యమేనని దేశమంతా చెప్పుకుంది. అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఒకే ఇంట్లో నాలుగైదు అప్పులు, వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తలు. తిరిగి చెల్లింపులు కుప్పకూలాయి. ఆ రంగమంతా అప్పటిదాకా ఎంతమందికి అప్పిచ్చామన్నదే లెక్కపెట్టింది. అప్పు తీసుకున్నాక ఆ ఇల్లు ఎలా ఉందన్నది లెక్కపెట్టలేదు. తెలుగువాళ్లం దీన్ని మన ఇళ్ల మధ్యే చూశాం, కాబట్టి మనకి ఇది వేరే ఎవరూ నేర్పక్కర్లేదు.

నేను మూడే అంకెలు అడుగుతాను. కొన్నరోజు పలాస ధరతో పోలిస్తే సభ్యురాలికి కిలోకి ఎంత దక్కింది. ఏడాదిలో షెడ్డులో ఎన్ని రోజులు పని దొరికింది, చేతికి ఎంత కూలీ వచ్చింది. పూత మీద బయట అడ్వాన్సు తీసుకున్న ఇళ్లు పోయినేడు ఎన్ని, ఈ ఏడు ఎన్ని. మూడో అంకె తగ్గకుండా మొదటి రెండు పెరిగాయని చెబితే నేను నమ్మను, మళ్లీ లెక్క చూస్తాను. చేతులు కాలకుండా గ్లవుజులు ఇచ్చారా, వాడుతున్నారా అన్నది అంకెగా రాయరు కానీ, వెళ్లిన ప్రతిసారీ చూస్తాను.

ఇంకొక ప్రశ్న మీకు మీరే వేసుకోవాలి. మీ డబ్బు రాకపోయినా ఇది జరిగేదేనా? బ్యాంకు ఎలాగూ ఇచ్చే సంస్థకి మీరు ఇస్తే కొత్తగా వచ్చిన మేలు ఏమీ లేదు. బ్యాంకు ఇంకా నమ్మని మొదటి రెండు మూడు సీజన్లకే మన డబ్బు అవసరం. నాలుగో ఏడు బ్యాంకు మేనేజరు ఆ సంస్థకి వర్కింగ్ క్యాపిటల్ లిమిట్, అంటే సరుకు కొనడానికి వాడుకునే అప్పు ఇచ్చి, "మీ డబ్బు ఇక అక్కర్లేదండీ" అని సంఘం మీకు చెబితే, పెట్టుబడి పండినట్టే.

ఈ సీజన్‌కే మొదలుపెట్టాలనుకుంటే డిసెంబరులో సంఘానికి ఫోన్ చేయండి. జనవరిలో పూత చూడటానికి వెళ్లినప్పుడు ప్రాజెక్టు రిపోర్టు తర్వాత చూస్తామని చెప్పి, పోయినేడు కాటా పుస్తకం అడగండి. తేదీ, పేరు, కిలోలు, ఆ రోజు రేటు, చెల్లించిన రోజు. ఈ ఐదు గడులూ నిండి ఉన్న పేజీలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, ఎంత పెట్టాలో అప్పుడు తేల్చుకోండి.